అటక మీది తోలు సంచి: లక్షణం చూసి కారణం తేల్చుకోవడం, ఆపైన మరమ్మతు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాత ఇళ్లలో అటక మీది సామాను దించినప్పుడు ఇత్తడి గంగాళాల వెనుక నుంచి ఒక తోలు సంచి బయటపడడం మామూలే. అది గూడూరు వైపు అభ్రకం గనుల్లో గుమాస్తాగా పనిచేసినవారిదో, ఒంగోలు కోర్టుకు తిరిగిన వకీలుదో, మా ఇంట్లో మాదిరిగా కావలి దగ్గర కరణీకం చేసిన తాతగారిదో అయివుంటుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక అటకెక్కిన మా సంచి దాదాపు ముప్పయ్యేళ్లు అక్కడే ఉండిపోయింది. దానిని దించిన రోజున నేను చేసిన మొదటి పని కొబ్బరినూనె సీసా తెచ్చుకోవడం, అదే నేను చేసిన పెద్ద పొరపాటు కూడా. పాత తోలుకు వచ్చే జబ్బులు పైకి ఒకేలా కనిపించినా వాటి కారణాలు వేరు కాబట్టి, కారణం తేలేవరకు నూనె గాని, నీరు గాని, పాలిష్ గాని దాని దగ్గరికి రానీయకూడదు.

అన్నిటికంటే ముందు అది తోలేనా అన్నది చూడాలి. కుట్టు విప్పుకున్న చోట అంచును పరిశీలిస్తే తోలు పీచుపీచుగా కనిపిస్తుంది, రెక్సిన్ అయితే పూత కింద గుడ్డ నేత బయటపడుతుంది. చేతికి జిగురుగా అంటుకుంటూ పొరలు పొరలుగా ఊడిపోయేది చాలా వరకు ఈ రెండో రకమే. ఆ పూత తానుగా విచ్ఛిన్నమవుతోంది గనుక దానికి చేయగల మరమ్మతు లేదు.

తోలు మీద తెల్లని పొర కనిపిస్తే

దీనికి మూడు కారణాలు ఉండవచ్చు: బూజు, కొవ్వు, ఉప్పు. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో ఉంచి, కొంచెం దూరం నుంచి కొన్ని క్షణాలు గాలి తగిలిస్తే కొవ్వు పొర కరిగి మాయమవుతుంది, బూజు, ఉప్పు అలాగే ఉంటాయి. పిండిన తడిగుడ్డ కొసతో ఒక మూల తాకిస్తే ఉప్పు కరిగిపోతుంది, వేలితో రుద్దితే గరుకుగా తగులుతుంది. బూజు మెత్తగా, గుండ్రని మచ్చలుగా ఉండి ముక్కవాసన వేస్తుంది.

గాలిలో తేమ 65-70 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజుకు అంతకంటే అనుకూలం ఉండదు. మన కోస్తాలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తెచ్చే ముసురులో మూసిన బీరువా లోపల జరిగేది సరిగ్గా ఇదే. బూజు పట్టిన సంచిని మిగతా వస్తువులకు దూరంగా ఆరుబయట నీడలోకి తీసుకుపోయి, ముక్కుకు మాస్కు కట్టుకొని, మెత్తని కుంచెతో దులపాలి. రెండు మూడు రోజులు గాలి ఆడే నీడలో ఆరనిచ్చిన తరువాత, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడవవచ్చు. అయితే ఆల్కహాల్ కొన్ని రంగులను లేపేస్తుంది కాబట్టి అడుగు భాగంలో కనిపించని చోట ముందుగా పరీక్షించుకోవాలి. ఎండలో మాత్రం పెట్టకూడదు.

కొవ్వు పొర చలికాలపు లక్షణం. తోలులోని కొవ్వు పదార్థాలు, అందులోనూ చల్లబడితే గడ్డకట్టే స్వభావం ఉన్నవి, పైకి వచ్చి తెల్లగా పేరుకుంటాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని సంక్రాంతి ముందు ఉదయాల్లో స్నానాల గదిలోని సీసాయే చెబుతుంది, ఆ నూనె పూసిన సంచి మీద కూడా అదే జరుగుతుంది. పొడి గుడ్డతో, అరచేతి వెచ్చదనంతో నెమ్మదిగా తుడిచేస్తే చాలు. మళ్లీ మళ్లీ వస్తుంటే పూర్వం ఎవరో నూనె ఎక్కువగా పట్టించారని అర్థం. ఇక ఉప్పు సంగతికొస్తే, పచ్చి తోళ్లను ఉప్పు వేసి నిల్వచేసిన నాటిది గాని, పిడి దగ్గర చెమటది గాని అయివుంటుంది. శుద్ధజలంలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒకటికి రెండుసార్లు అద్దితే పోతుంది, కాని తోలు పొడి రాలుతుంటే ఆ పనీ చేయకూడదు.

ముట్టుకుంటే ఎర్రని పొడి రాలితే

పాత సంచులకు వచ్చే జబ్బులన్నిటిలో ఇది భయంకరమైనది, నేను చెడగొట్టుకున్నది కూడా ఇక్కడే. పిడి మీద ఎర్రమట్టి లాంటి పొడి కనిపించగానే తోలు ఎండిపోయిందనుకొని నూనె పట్టించాను. పావుగంటలో అది నల్లబడింది, వారానికి కట్టెలా బిగుసుకుపోయింది.

అసలు కారణం ఎండిపోవడం కాదు, ఆమ్లం. మద్రాసు ప్రెసిడెన్సీలో తోళ్లను ప్రధానంగా తంగేడు చెక్కతో (అంటే బెరడుతో) పదును చేసి, చివరగా కరక్కాయ నీటిలో నానబెట్టేవారు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు మద్రాసులో క్రోమ్ పద్ధతిని, అంటే క్రోమియం లవణాలతో పదును చేయడాన్ని, ప్రవేశపెట్టినా, పాత సంచుల్లో ఎక్కువ భాగం చెక్కతో పదునైనవే. తోలును పదును చేసే వగరు పదార్థాన్ని టానిన్ అంటారు; తంగేడు చెక్కలో ఉండే టానిన్ రకం గాలిలోని గంధక వాయువులను పీల్చుకొని, కాలక్రమంలో తోలు లోపలే గంధకామ్లం ఏర్పడడానికి చోటిస్తుంది, ఆ ఆమ్లం పీచును తెంచుతుంది. పుస్తకాల అట్టలకు వాడే తోళ్లను పరిశీలించి 1905లో లండన్‌లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సంఘం వెలువరించిన నివేదిక కూడా ఈ రకం టానిన్‌తో పదునైన తోళ్లే ఎక్కువగా పొడి అవుతున్నాయని తేల్చింది. మన బీళ్లలో పసుపుపచ్చగా పూసే తంగేడుకు అంత దూరాన అలాంటి పేరు వచ్చిందని చదివినప్పుడు నాకు కొంచెం బాధ కలిగిన మాట నిజం.

తెగిన పీచును మళ్లీ కలపడం సాధ్యం కాదు, పొడి రాలకుండా బిగించడం మాత్రం సాధ్యమే. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే, ఆల్కహాల్‌లో కరిగి బంకలా పనిచేసే పొడిని 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు రెండు గ్రాముల చొప్పున కలిపి, మూతపెట్టి రాత్రంతా నాననిస్తే పలుచని గంజి లాంటి ద్రవం తయారవుతుంది. నిప్పుకు దూరంగా, గాలి వచ్చే చోట, మెత్తని కుంచెతో పలుచగా ఒక పూత వేసి, పూర్తిగా ఆరాక అవసరమైతేనే రెండోది వేయాలి. నీరు, నీటితో చేసిన క్రీములు, నూనె తగిలితే ఈ తోలు నల్లబడి గట్టిపడుతుంది, ఆ నలుపు తిరిగి పోదు.

పొడి రాలదు గాని గట్టిగా, పెళుసుగా ఉంటే

నూనె అవసరమయ్యేది ఈ ఒక్క సందర్భంలోనే. రేకుల కప్పు కింద రోహిణి కార్తె వేడికి తోలులోని తేమ, కొవ్వు రెండూ తరిగిపోతాయి. ముందుగా తేమ తిరిగి చేరాలి కాబట్టి సంచిని మూడు నాలుగు రోజులు నేలకు దగ్గరగా, చల్లని గదిలో, వంచే ప్రయత్నం చేయకుండా ఉంచాలి. ఆ తరువాత లానోలిన్, నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) కలిసిన లేపనాన్ని గుడ్డకు అద్దుకొని పలుచగా రాసి, ఒక రోజు ఆగి, మిగిలినదాన్ని తుడిచేయాలి. లానోలిన్ గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే ఉంటుంది, కాబట్టి దానిని బయటినుంచి తెప్పించుకోవలసిందే.

కిర్రు చెప్పులకు ఆముదం పెట్టేవారు కదా అని పెద్దలు అడుగుతారు. రోజూ నడిచి అరగదీసే చెప్పుకు అది సరిపోయింది, కాగితాలు పెట్టుకునే సంచికి ఆ జిడ్డు పనికిరాదు. అంతకంటే ప్రమాదకరమైనది వేడినీరు. చెక్కతో పదునైన తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 75-85 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది, బలహీనపడిన పాత తోలుకు ఆ హద్దు ఇంకా చాలా కిందికి దిగుతుంది. అందుకే తడిపి ఎండలో పెట్టిన సంచి ఒక్క మధ్యాహ్నంలో చేతికి రాకుండా పోతుంది.

ఇత్తడి చుట్టూ పచ్చగా, ఇనుము చుట్టూ నల్లగా ఉంటే

తోలులోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిసి పచ్చని మైనంలా తేలుతాయి. వేపపుల్లను చెక్కి దానితో గీకి, స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే పోతుంది. దీపపు కుందులను తోమినట్టు చింతపండుతో తోమితే లోహం తళతళలాడవచ్చు, కాని ఆ పులుపు తోలులోకి దిగుతుంది.

నల్లమచ్చ వేరు విషయం. తడిసిన ఇనుము టానిన్‌తో కలిస్తే సిరా తయారవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన కసిమి నల్లగా పండేది ఈ సూత్రం వల్లనే. అలా పండిన మచ్చను తీయబోతే తోలే పోతుంది కాబట్టి, తుప్పును గీకి, ఇనుప ముక్క మీద మైనం పూసి, మచ్చను అలాగే వదిలేయడం మేలని నా అభిప్రాయం.

కుట్లు విడిపోతే

తోలు గట్టిగా ఉండి దారం మాత్రమే కుళ్లితే అది సులభమైన పని. మిషను మీద కుట్టించకూడదు, ఎందుకంటే కొత్త రంధ్రాలు పడి అంచు తపాలా బిళ్లలా చిరిగిపోతుంది. పాత రంధ్రాల గుండానే, మైనం పూసిన నార దారంతో, మొద్దుమొన ఉన్న రెండు సూదులను ఎదురెదురుగా దూర్చి కుట్టాలి. చెప్పులు కుట్టే పనివారికి ఇస్తే ఆరెతో కొత్తగా పొడవవద్దని ముందే చెప్పాలి. చిరిగిన చోట లోపలి వైపు పలుచని తోలు ముక్కను గోధుమపిండి గంజితో అతకడం మంచిది. క్షణంలో పట్టే జిగురు గట్టిపడి పక్కనే కొత్త చీలిక తెస్తుంది.

సన్నని రంధ్రాలు, దుమ్ము, పురుగుల పొట్టు కనిపిస్తే సంచిని పాలిథిన్ కవరులో గాలి చొరకుండా మూసి, రెండు వారాలు ఫ్రీజరులో ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకుండా ఆగాలి. బిగుసుకున్న తాళానికి నూనెకు బదులు పెన్సిల్ ములుకు (గ్రాఫైట్) పొడి వేస్తే చాలు. ముక్కవాసనకు గుడ్డలో మూటగట్టిన బొగ్గులు లోపల పెట్టి వారం పాటు గాలికి ఉంచాలి.

సంచి ఆకారం కుంగకుండా లోపల ఉతికిన నూలు గుడ్డలు కుక్కాలి. వార్తాపత్రికల కాగితంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి అది వద్దు. బీరువాలో ఉంచినా నూలు గుడ్డే చుట్టాలి గాని పాలిథిన్ కాదు, ముసురు రోజుల్లో వారానికి ఒకసారి తలుపు తీసి చూడాలి. పిడి బలహీనంగా ఉన్న సంచిని పిడి పట్టి ఎత్తకూడదు. మా తాతగారి సంచి పిడి ఈనాటికీ నల్లగానే ఉంది, దానిని మేము అడుగున రెండు చేతులు పెట్టి ఎత్తుతాము.