మహమ్మారి వేళ ఓటు – 3వ పాఠం: పోలింగ్ కేంద్రంలో ఆ గంట

జాబితాలో పేరు చూసుకోవడం, పోస్టల్ బ్యాలెట్‌కు అర్హత ఉందో లేదో కనుక్కోవడం కిందటి పాఠంలో అయిపోయాయి. ఇంటి నుంచే ఓటు వేసే వీలున్నవాళ్లు దాన్నే వాడుకోండి, అంతకు మించిన జాగ్రత్త లేదు. ఈ పాఠం కేంద్రానికి వెళ్లక తప్పనివాళ్ల కోసం.

ముందు భయాన్ని సరైన చోట పెట్టుకుందాం. ఓటరును అడిగితే, అందరూ తాకిన మీట నొక్కాలంటే భయమంటారు. కోవిడ్ మాత్రం ఎక్కువగా గాలి ద్వారానే సోకుతుంది. దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా సన్నటి తుంపరలు బయటికొస్తాయి. గాలి ఆడని గదిలో అవి చాలాసేపు తేలుతూనే ఉంటాయి. మీట నొక్కడానికి పట్టేది ఒక్క క్షణం. వరుసలో గంటసేపు నిలబడాల్సి రావచ్చు. మన శ్రద్ధ ముందు ఆ గంట మీద ఉండాలి, చేతుల సంగతి ఆ తర్వాత.

ఆ గంటను తగ్గించుకోవడం మొదటి మెట్టు. తలుపులు తెరవగానే, పనికి వెళ్లే ముందు, పని నుంచి తిరిగొచ్చేటప్పుడు జనం ఎక్కువ. మధ్యలో సాధారణంగా పలచబడతారు. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. 2020 బీహార్ ఎన్నికల్లో పోలింగ్ చివరి గంటను కోవిడ్ రోగుల కోసం కేటాయించారు. మీ దగ్గర అలాంటి నియమం ఉంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆలోపే వేసి వచ్చేయాలి. ఎవరికి వేయాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. అభ్యర్థుల పేర్లు, గుర్తులు ముందే చూసుకున్నవాళ్లకు లోపల ఆలోచించే పని ఉండదు.

ఇప్పుడు మాస్కు. తొడుక్కుంటే చాలదు, అంచులు ముఖానికి అతుక్కోవాలి. రెండు అరచేతులూ మాస్కు చుట్టూ ఆనించి గట్టిగా ఊపిరి వదలండి. కళ్ల కిందో, చెంపల పక్కనో వేళ్లకు గాలి తగిలిందంటే అక్కడ సందు ఉన్నట్టే. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు అద్దాలే చెబుతాయి, మసకబారితే ముక్కు మీది తీగను ఇంకాస్త నొక్కాలి. ముందువైపు కవాటం ఉన్న మాస్కు వద్దు. మీరు వదిలే ఊపిరి వడకట్టుకోకుండానే అందులోంచి పక్కవాళ్ల మీదికి పోతుంది. ఎంచుకున్న మాస్కుతో ముందురోజు ఇంట్లో అరగంట తిరగండి. అది జారుతుంటే చెయ్యి మాటిమాటికీ ముక్కు దగ్గరికే పోతుంది. ఆ సంగతి వరుసలో కాకుండా ఇంట్లోనే తెలియడం మేలు.

లోపల అందరూ తడబడేది ఒక్కచోటే. గుర్తింపు కార్డు చూసే అధికారి మాస్కు దించమంటారు. చాలామంది దాన్ని గడ్డం కిందికి లాగి, అలాగే నిలబడి పేరూ వివరాలూ చెప్పేస్తారు. అలా వద్దు. చెప్పాల్సింది ముందే చెప్పేయండి. ఒక అడుగు వెనక్కి వేసి, చెవి దగ్గరి తాడు పట్టుకుని దించి, నోరు మెదపకుండా ముఖం చూపించి, వెంటనే పైకి లాక్కోండి. రెండు మూడు సెకన్ల పని. బల్లకు అవతల కూర్చున్న మనిషి రోజంతా వందల ముఖాలు చూడాలి, ఈ మర్యాద ఆయన కోసం కూడా.

చేతుల విషయంలో అసలు కిటుకు తడి ఆరనివ్వడం. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌తో చేతులు పూర్తిగా ఆరేదాకా, ఒక 20 సెకన్లు రుద్దుకోండి. తడి చేత్తో పట్టుకుంటే బ్యాలెట్ కాగితం పాడవుతుంది, వేలి మీద సిరా గుర్తు కూడా సరిగ్గా పట్టదు. ఓటింగ్ యంత్రం మీద మాత్రం మీరే శానిటైజర్ చల్లకండి, తడి తగిలితే అది చెడిపోవచ్చు. తొడుగులు ఇస్తే వేసుకోండి, కానీ తొడుగున్న చేత్తో కళ్లు నులుముకుంటే అది ఉన్నా లేనట్టే. 2020 ఆగస్టులో శ్రీలంక ఓటర్లను సొంత పెన్ను తెచ్చుకోమన్నారు. మీ దగ్గర అధికారులిచ్చే ముద్రే వాడాలన్న నియమం ఉంటే పెన్ను వాడొద్దు, ఓటు చెల్లకపోవచ్చు.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకు దక్షిణ కొరియా జవాబు. 2020 ఏప్రిల్ 15న అక్కడ పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ఓటర్లు మాస్కులు, తొడుగులు వేసుకుని మీటరు ఎడంలో నిలబడ్డారు. ఒంటి వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినవాళ్లను వేరే బూత్‌కు పంపారు. 66.2 శాతం మంది ఓటేశారు. రెండు వారాలు గడిచాక, ఓటింగ్ వల్ల సోకిన కేసు ఒక్కటీ తేలలేదని ఆ దేశ ఆరోగ్య అధికారులు ప్రకటించారు. అది చదివిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఓటు వేశాక గేటు దగ్గర కబుర్లకు ఆగకండి. తెలిసినవాళ్లు కనబడితే చెయ్యి ఊపి వచ్చేయండి, మాటలు ఫోన్లో.

ఈ వారం అభ్యాసం: అద్దం ముందు నిలబడి, నోరు మెదపకుండా, తాడు మాత్రమే పట్టుకుని మాస్కు దించి ఎక్కించడం పదిసార్లు చేయండి. మాస్కు ముందుభాగాన్ని ఒక్కసారి తాకినా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. జ్వరం ఉన్నవాళ్లు, క్వారంటైన్‌లో ఉన్నవాళ్లు ఓటు ఎలా వేయాలన్నది 4వ పాఠంలో.