ముందుచర్మం బిగుసుకుని మండుతోందా? ఏ లక్షణానికి ఏం చేయాలి

పురుషాంగం మొనను కప్పే ముందుచర్మం ఇలా బిగుసుకుని మండితే మగవాళ్లు డాక్టర్ కంటే ముందు మెడికల్ షాపుకే వెళ్తారు. అక్కడా పూర్తిగా చెప్పలేక "దురదగా ఉంది" అంటారు. చేతికి ఒక ట్యూబు వస్తుంది. అందులో చాలాసార్లు ఘాటైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉంటాయి. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆపగానే మళ్లీ మొదలు. ఎందుకంటే స్టెరాయిడ్ ఎరుపును అణచిందే తప్ప అసలు కారణం అలాగే ఉంది.

వాచి ఉన్న చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకండి. లాగిన ప్రతిసారీ సన్నగా చిట్లుతుంది, ఆ చిట్లిన చోట మచ్చ కడుతుంది. మచ్చ సాగదు కాబట్టి బిగుతు ఇంకా పెరుగుతుంది. ముందు మంట తగ్గాలి, సాగదీసే పని ఆ తర్వాతే.

వెనక్కి వెళ్లిన చర్మం ముందుకు రావట్లేదు, మొన వాచిపోతోంది

ఇది పారాఫైమోసిస్, ఎమర్జెన్సీ. బిగిసిన చర్మం రక్తం తిరిగి వెళ్లకుండా ఆపుతుంది, గంటగంటకూ వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసుతో కాసేపు చల్లబరిచి, వాచిన భాగాన్ని పిడికిట్లో కొన్ని నిమిషాలు ఒత్తి పట్టుకుంటే వాపు కొంత దిగుతుంది. అప్పుడు కాస్త జెల్లీ రాసి, బొటనవేళ్లతో మొనను లోపలికి నొక్కుతూ చర్మాన్ని ముందుకు తేవచ్చు. రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లండి. మూత్రానికి పైపు వేసిన పెద్దాయన ఇంట్లో ఉంటే, శుభ్రం చేశాక చర్మాన్ని ముందుకు తెచ్చారో లేదో రోజూ చూడండి. ఇది మర్చిపోవడం వల్ల వచ్చే కేసులు ఎక్కువ.

ఎరుపు, దురద, తెల్లటి పెరుగులాంటి పొర, అంచున చీలికలు

ఎక్కువగా ఇది క్యాండిడా అనే ఫంగస్. ఇంతకుముందు మామూలుగా ఉన్న చర్మం నలభై దాటాక ఉన్నట్టుండి బిగుసుకుని అంచు చీలుతోందంటే నేనైతే క్రీము కంటే ముందు షుగర్ పరీక్ష చేయించమంటాను. తనకు షుగర్ ఉందని కొందరికి మొదట తెలిసేది దీనితోనే. పరగడుపున షుగర్ 126 లేదా అంతకంటే ఎక్కువున్నా, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినా డాక్టర్‌ని కలవాలి.

ఇప్పటికే షుగర్ మందులు వాడుతుంటే ఆ చీటీ తీసి చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపుతాయి. ఆ తీపి చర్మం కింద నిలిస్తే ఫంగస్‌కు పండగే. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మందులివి, కాబట్టి సొంతంగా ఆపకుండా ఇచ్చిన డాక్టర్‌కే విషయం చెప్పండి. మూత్రం పోశాక కాసిని నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది ఆరబెడితే చాలా తేడా ఉంటుంది. జ్వరంతో పాటు వాపు, నొప్పి వృషణాల వైపు పాకుతుంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మందు విషయానికొస్తే క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము, రోజుకు రెండుసార్లు, ఒకటి నుంచి రెండు వారాలు. రెండో రోజే దురద తగ్గిందని ఆపేయొద్దు. భార్యకు కూడా దురద, తెల్లబట్ట ఉంటే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఈ క్రీము కండోమ్ రబ్బరును బలహీనం చేస్తుందని గుర్తుంచుకోండి.

తెల్లపొర లేదు, కడిగాక మంట ఎక్కువవుతోంది

కారణం బాత్రూములోనే ఉండొచ్చు. సబ్బు, బాడీవాష్, డెట్టాల్ నీళ్లు. ఇవన్నీ మానేసి గోరువెచ్చని నీళ్లతోనే కడిగి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. చెడు వాసన, పసుపు రసి ఉంటే బ్యాక్టీరియా కావచ్చు, యాంటీబయాటిక్ డాక్టరే రాయాలి. నీటిపొక్కులు, లేదా నొప్పిలేని పుండు కనిపిస్తే సుఖవ్యాధి పరీక్షలు తప్పవు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఇందుకే ఉన్నాయి, ఉచితం.

మంట పోయింది, బిగుతు మిగిలింది

ఇప్పుడు స్టెరాయిడ్‌కు పని ఉంది. డాక్టర్ రాస్తే బెటామెథాసోన్ 0.05 శాతం క్రీమును బిగుసుకున్న అంచు మీద రోజుకు రెండుసార్లు పలుచగా, నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాస్తారు. వెచ్చని నీళ్ల స్నానంలో, నొప్పి మొదలయ్యే చోటు దాకా మాత్రమే చర్మాన్ని మెల్లగా సాగదీసి, మళ్లీ ముందుకు తెచ్చేయాలి. చిట్లితే, మానేదాకా విరామం.

అంచు తెల్లగా, గట్టిగా ఉంగరంలా మారింది

లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి అయ్యుండొచ్చు. సాగదీస్తే లొంగదు. ఘాటైన స్టెరాయిడ్ డాక్టర్ పర్యవేక్షణలో వాడతారు, చాలామందికి చివరికి సున్తీ అవసరమవుతుంది. మానని పుండో, గడ్డో ఉంటే ముక్క పరీక్ష చేయించాలి, క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి. సున్తీ ఆపరేషన్ అయిన రోజే సాధారణంగా ఇంటికి పంపుతారు. గాయం మానడానికి రెండు మూడు వారాలు, కలయికకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. షుగర్ అదుపులో లేకపోతే ముందు దాన్ని దించాకే తేదీ ఇస్తారు.

చిన్నపిల్లవాడికి చర్మం వెనక్కి రావట్లేదు

పుట్టినప్పుడు దాదాపు అందరికీ అంతే. ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే విడివడుతుంది. నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు నూనె రాసి వెనక్కి లాగే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అమ్మమ్మ ఎంత ప్రేమగా చేసినా సరే, ఆపించండి. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బడం ఒక్కటే జబ్బు కాదు. చుక్కలు చుక్కలుగా వస్తున్నా, ఏడుస్తున్నా, మాటిమాటికీ వాచి ఎర్రబడుతున్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి.