కంకర వేసే ముందు రెండు చుక్కల వెనిగర్

తిరుపతిలో మిద్దె మీద మట్టి లేకుండా ఆకుకూరలు పెంచాలనుకునేవాళ్లు ముందు ఈ ఒక్క పని చేయండి. కుండీలో వేయబోయే కంకరను కడిగి ఆరబెట్టి, నాలుగైదు రాళ్ల మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టే. అది నీళ్లలో కొంచెం కొంచెంగా కరుగుతూ పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే అంకె) పెంచుతూనే ఉంటుంది. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. బాగా పెరిగితే నీళ్లలో ఐరన్ ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మిగతాదంతా పసుపు తిరుగుతుంది. నేను అది ఆకలి అనుకుని ఇంకా ఎరువు కలిపాను, పాలకూర మొత్తం పోయింది.

మన చిత్తూరు వైపు గ్రానైట్ కంకరతో ఈ బాధ లేదు. కానీ బరువు ఎక్కువ, తేమ నిలవదు. మిద్దెకైతే కాల్చిన మట్టి గోలీలు మేలు. దుమ్ము పోయేలా కడిగి, ఒక రోజు నానబెట్టి వాడండి.

పెర్లైట్ (వేడికి ఉబ్బిన తెల్లటి రాతి గుళికలు) చాలా తేలిక, గాలి బాగా ఆడుతుంది, కానీ మన ఎండలకు తొందరగా ఆరిపోతుంది. అందుకే వేసవిలో దానికి సమానంగా వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే, వేడికి ఉబ్బిన ఖనిజం) కలుపుతాను. అక్టోబరు, నవంబరు వానల్లో వర్మిక్యులైట్ తగ్గించండి, లేకపోతే వేర్లు కుళ్లుతాయి. పెర్లైట్ సంచి విప్పగానే నీళ్లు చిలకరించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలు దగ్గరుంటే సంచి అసలే విప్పొద్దు.