పసుపు పాలు: కుర్కుమిన్ ఒంటికి పట్టాలంటే

పసుపుకి ఆ రంగు, వాపును తగ్గించే గుణం ఇచ్చేది కుర్కుమిన్. ఎండు పసుపులో అది నూటికి 3 పాళ్లు, అటూ ఇటూగా. చిక్కేమిటంటే అది నీళ్లలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. వేడినీళ్లలో పసుపు కలుపుకొని తాగితే చాలావరకు గ్లాసు అడుగునే మిగిలిపోతుంది.

ముందు సరుకు సంగతి. బేగంబజార్‌లో పొడి కొనకండి, నిజామాబాద్ కొమ్ములు అడగండి. విరిస్తే టప్పున విరగాలి, లోపల ముదురు నారింజ రంగు ఉండాలి. పైన నిగనిగలాడుతూ లోపల వెలిసినట్టుంటే రంగు పూసిన సరుకేమోనని అనుమానించాల్సిందే. బాగా ఎండబెట్టి గిర్నీలో పట్టించి స్టీలు డబ్బాలో పెట్టండి. వెలుతురు తగిలితే కుర్కుమిన్ విరిగిపోతుంది. చీరకంటిన పసుపు మరక ఎండలో వెలిసిపోయేది అందుకే.

ఒకరికి: గిన్నెలో అర టీస్పూను నెయ్యి, సన్నని సెగ. అర టీస్పూను పసుపు (సుమారు 1.5 గ్రాములు) వేసి పది సెకన్లు కలపండి. కమ్మటి వాసన రాగానే 200 మి.లీ. పాలు పోసేయాలి, ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది, ఇక బెల్లం ఎంత వేసినా ఆ చేదు పోదు. కచ్చాపచ్చాగా దంచిన నాలుగు మిరియాలు వేసి మూడు నిమిషాలు మరిగించండి. బెల్లం దింపాకే, లేకుంటే పాలు విరుగుతాయి. వంటసోడా జోలికి పోవద్దు: క్షారం తగిలితే కుర్కుమిన్ ఎర్రబడి పాడవుతుంది. సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేదీ ఇలాగే.

మిరియాలు రుచికి మాత్రమే కాదు. కుర్కుమిన్‌ను కాలేయం వెంటనే బయటికి పంపేయకుండా వాటిలోని పైపెరిన్ అడ్డుకుంటుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌కు 20 మి.గ్రా. పైపెరిన్ జోడించి మనుషులకు ఇస్తే రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లు పెరిగింది. అయితే అది మాత్రల మోతాదు. మన గ్లాసులో కుర్కుమిన్ సుమారు 45 మి.గ్రా. మాత్రమే, కాబట్టి దీన్ని ఆహారంగానే చూడండి, కీళ్లనొప్పుల మందులు మానేయకండి.

రోజూ తీసుకునే కుర్కుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన హద్దు కిలో బరువుకు 3 మి.గ్రా.; 60 కిలోల మనిషికి 180. మెడికల్ షాపులో దొరికే 500 మి.గ్రా. మాత్ర ఒక్కటే దాన్ని దాటేస్తుంది. పైపెరిన్ కలిపిన మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరును కలవండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఆపరేషన్ దగ్గరపడ్డవాళ్లు ముందే అడగాలి. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లు పైపెరిన్ మాత్రలు ముట్టకపోవడమే మంచిది, ఆ మందు మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు.