కారే కొళాయిని బిగించకండి, విప్పండి

కొళాయి కారుతోందంటే చాలా ఇళ్లలో మొదట చేసేది పిడిని ఇంకాస్త గట్టిగా తిప్పడం. రెండ్రోజులు ఆగినట్టే ఉండి, మళ్లీ మొదలవుతుంది. అనంతపురం, కడప వైపు చాలాచోట్ల బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. అవి కొళాయి లోపల, నీళ్లను ఆపే రబ్బరు బిళ్ల (వాషర్) ఆనే అంచు మీద తెల్లగా గడ్డకడతాయి. ఆ గరుకు మీద రబ్బరును అదిమేకొద్దీ అది కోసుకుపోతుంది. అందుకే ఇక్కడ వాషర్ మార్చడం సగం పనే.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు చూడండి. మూతి నుంచి చుక్కలు పడితే వాషర్ లేదా స్పిండిల్ (పిడితో పాటు లోపల తిరిగే కడ్డీ) పాడైనట్టు. పిడి కింద ఊరితే గ్లాండ్ (స్పిండిల్ చుట్టూ నీళ్లు ఊరకుండా బిగించే చిన్న నట్టు) వదులైంది. గోడ దగ్గర తడిస్తే కొళాయి మరల (థ్రెడ్) మీద చుట్టిన టేపు పోయింది.

మిద్దె మీద ట్యాంకు కిందున్న వాల్వు కట్టేసి, కొళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. కింద జాలీ మీద గుడ్డ కప్పండి, స్క్రూ జారి అందులో పడితే మళ్లీ దొరకదు.

పాతరకం ఇత్తడి కొళాయి అయితే పిడి స్క్రూ తీసి పిడిని పైకి లాగండి. రాకపోతే సుత్తితో కొట్టొద్దు, గోడలోని ఎల్బో (పైపు వంపు ముక్క) పగిలిందంటే టైల్సు తవ్వాల్సిందే. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే ఉప్పు వదులుతుంది. మరుగుదొడ్డి యాసిడ్ మాత్రం వాడకండి, పైపూత లేచిపోతుంది. తర్వాత స్పిండిల్‌ను సగం తెరిచిన స్థితిలో ఉంచి, ఒక చేత్తో కొళాయిని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో స్పానర్‌తో కొళాయి ఒంటికి ఆనుకున్న పెద్ద నట్టును ఎడమకు తిప్పండి. స్పిండిల్ అడుగున వాషర్ ఉంటుంది. దాని మీద గుండ్రంగా గాడి పడి ఉంటే అదే దొంగ. చాలా కొళాయిలు అరంగుళం సైజువే, అయినా పాతది చేతిలో పట్టుకునే హార్డ్‌వేర్ షాపుకు వెళ్లండి.

కొత్తది వేసే ముందు చిటికెన వేలు లోపలికి పెట్టి ఆ ఇత్తడి అంచును తడమండి. గరుకు తగిలితే వెనిగర్ గుడ్డ, పాత టూత్‌బ్రష్‌తో నున్నగా అయ్యేదాకా రుద్దండి. అంచు మీద గుంటలు పడి ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా ఆగదు, కొళాయే మార్చాలి.

పావు లేదా సగం చుట్టు తిప్పితే తెరుచుకునే కొత్తరకం వాటిలో వాషర్ బదులు సిరామిక్ బిళ్లలు ఉంటాయి. బిళ్లలు చిట్లితే మొత్తం స్పిండిల్ మార్చాలి. కొత్తది కొనేటప్పుడు పొడవు, పైనున్న పళ్ల లెక్క, తిరిగే దిక్కు మూడూ పాతదానితో సరిపోవాలి. బిగించాక పిడి తెరిచే ఉంచి, ట్యాంకు వాల్వు మెల్లగా వదలండి. ఒక్కసారిగా ఒత్తిడి పడితే బిళ్ల పగలొచ్చు.

గ్లాండ్ దగ్గర ఊరితే ఆ నట్టును పావు చుట్టు బిగించి చూడండి. ఆగకపోతే నట్టు విప్పి, పేనిన టెఫ్లాన్ టేపును స్పిండిల్ చుట్టూ రెండు మూడు చుట్లు కూరి మళ్లీ బిగించండి.

గోడ దగ్గరైతే కొళాయి మొత్తం ఊడదీసి, పాత టేపు పూర్తిగా గీకేయాలి. మరల చివర మీవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున కొత్త టేపు చుట్టండి. మన షాపుల్లో దొరికే పల్చటి టేపుకు 10 నుంచి 15 చుట్లు పడతాయి. కొళాయి వంకరగా నిలిచిందని వెనక్కి తిప్పారంటే టేపు చిరిగి మళ్లీ కారుతుంది. అప్పుడు కొత్త టేపు చుట్టక తప్పదు.

అంతా అయ్యాక కొళాయిని ఒక నిమిషం పూర్తిగా తెరిస్తే లోపలి ఇసుక, పెచ్చులు కొట్టుకుపోతాయి. తర్వాత కట్టేసి, బయట పొడిగా తుడిచి, కింద కాగితం పరచి పది నిమిషాలు ఆగి చూడండి. ప్లాస్టిక్ కొళాయి మరలు అరిగి ఉంటే దీనంతటికీ పూనుకోవద్దు, కొత్తది కొనేయండి.