కత్తెర మూసే చేతికి తెరవడం కూడా రావాలి

22 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. మూడేళ్ల కిందట కుడి మోచేతి బయటివైపు ఎముక దగ్గర పీకుడు మొదలైంది. మొదట్లో కత్తెర పట్టినప్పుడే ఉండేది. పోనుపోను తడిబట్ట పిండినా, గ్లాసు ఎత్తినా ప్రాణం జివ్వుమనేది. చేతిలో బలం తగ్గిందేమోనని రబ్బరు బంతి కొని తీరిక దొరికినప్పుడల్లా పిసికాను. నెల తిరిగేసరికి నొప్పి మణికట్టు దాకా దిగింది. ఫిజియోథెరపిస్టు నా బంతి కథంతా విని, "రోజంతా పిసికే చేతికి మళ్లీ పిసకడమేనా?" అన్నారు. నిజమే కదా!

కండరం లాగగలదు, తోయలేదు. అందుకే మనం కదిలించే కీళ్లకి ఎదురెదురు కండరాలుంటాయి. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు ముంజేతి లోపలివైపు, చాచేవి వెనకవైపు ఉంటాయి. వేళ్లలోకి వచ్చేవి వాటి తాళ్లే, అంటే టెండన్లు. కత్తెర, సూది, మౌసు, స్టీరింగు, ఏది పట్టినా ముడిచేవాటికే పని అనుకుంటాం. అలా అని వెనకవాటికి విశ్రాంతేమీ లేదు. మణికట్టును లోపలికి వంచేసి పిడికిలి బిగించి చూడండి, పట్టు సగం కూడా దొరకదు. ఆ మణికట్టు వంగిపోకుండా నిలబెట్టేవి వెనక కండరాలే. వాటికి చాకిరీ ఉంది కానీ ఆ చాకిరీకి తగ్గ బలం లేదు. నా నొప్పి అక్కడిదే.

నాకు బాగా పనిచేసింది, నా డబ్బాలోనే పడున్న ఎలాస్టిక్కు. చిన్న ముక్క ఉంగరంలా కుట్టి, అయిదు వేళ్ల చివర్లకీ చుట్టూ తొడగాలి. వేళ్లను మెల్లగా విప్పి, రెండు అంకెలు లెక్కపెట్టి, అంతకన్నా మెల్లగా మూయాలి. టప్పున వదిలేస్తే సగం పని వృథా. 15 సార్లు, కాస్త ఆగి మరో 15.

రెండోది అరలీటరు నీళ్ల సీసాతో. ముంజేయి బల్ల మీద ఆనించి, మణికట్టు అంచు దాటేలా పెట్టి, అరచేయి కిందికి ఉండేలా సీసా పట్టుకోవాలి. పైకి ఎత్తడానికి రెండో చేయి సాయం చేయొచ్చు. దించడం మాత్రం నొప్పి ఉన్న చేయే, నాలుగు లెక్కపెడుతూ. రోజు విడిచి రోజు, 10 సార్ల చొప్పున మూడు విడతలు. మొదటి వారం నేనదీ చేయలేకపోయాను. అప్పుడు ఖాళీ సీసానే కదల్చకుండా 30 సెకన్లు పట్టుకుని ఉండేదాన్ని.

నొప్పికి 10 మార్కులనుకుంటే మూడు దాకా ఫర్వాలేదు, మర్నాటికి తగ్గిపోవాలి. తెల్లారాక ఇంకా ఎక్కువగా ఉంటే బరువైనా, లెక్కైనా తగ్గించండి. టెండను నిదానంగా కోలుకుంటుంది. నాకు తేడా తెలియడానికే ఆరు వారాలు పట్టింది. కత్తెర మాట మర్చిపోయి పని చేసుకోవడానికి మూడు నెలలు.

చేతి నొప్పికి భుజం వ్యాయామమెందుకు అని నేనూ విసుక్కున్నాను. మిషను మీదికి వంగి వంగి ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, వీపు కండరాలు నీరసిస్తాయి. అప్పుడు భుజం చేయాల్సిన పని కూడా ముంజేతి నెత్తిన పడుతుంది. గుమ్మం చట్రానికి ముంజేయి ఆనించి ఒక అడుగు ముందుకేసి 30 సెకన్లు ఆగండి, ఛాతీ సాగుతుంది. తర్వాత వీపు రెక్కలు రెండూ వెనక్కీ కిందికీ లాగి అయిదు సెకన్లు, 10 సార్లు. భుజాలు చెవుల వైపు లేవకూడదు.

తిమ్మిరి వేరే సంగతి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు మొద్దుబారుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు. చిటికెనవేలైతే మోచేతి దగ్గర నరాన్ని అనుమానించాలి. నాకు బల్ల అంచుకి మోచేయి ఆనించే అలవాటుండేది, అది మానగానే చిటికెనవేలి జలదరింపు పోయింది. కానీ వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట కండ పలచబడుతున్నా, కీలు వాచి వేడెక్కినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా ఎలాస్టిక్కు పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి. చేయి లాగుడుతో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, అత్యవసర విభాగానికే.

ఇంకోటి, కత్తెరకి పదును పెట్టించండి. మొద్దు కత్తెరతో కోస్తూ వ్యాయామం చేయడం, చిల్లు కుండలో నీళ్లు పోయడమే. నా ఎలాస్టిక్కు ఉంగరం ఇప్పుడు మిషను దారపు కడ్డీకి వేలాడుతుంటుంది. కండె మార్చినప్పుడల్లా ఓ పదిహేను.