ఆయాసమని వెళ్తే ‘ముందు బరువు తగ్గండి’ అంటున్నారా?

పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊపిరితిత్తుల్ని కింది నుంచి నొక్కుతుంది కాబట్టి లావుగా ఉన్నవాళ్లకు ఆయాసం వస్తుంది, నిజమే. కానీ రక్తహీనత, థైరాయిడ్, ఆస్తమా, గుండెజబ్బు లావుపాటివాళ్లను వదిలిపెట్టవు కదా. పరీక్షలన్నీ చూశాక ‘బరువే కారణం’ అంటే ఒప్పుకోవచ్చు. మనిషిని చూసి అంటే అది అంచనా మాత్రమే.

ముందొక మాట. ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా, పెదాలు నీలంగా మారినా, వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, ఒక కాలే వాచి ఆయాసం మొదలైనా ఓపీ కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

మిగతావాళ్లు ఒక చీటీ రాసుకుని వెళ్లండి. ‘ఆయాసంగా ఉందండీ’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘ఉగాదికి రెండంతస్తులు ఎక్కేదాన్ని, ఇప్పుడు పది మెట్లకే ఆగుతున్నా’ అంటే తెలుస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుతోందా, ఎన్ని దిండ్లు కావాలి, పిల్లికూతలు ఉన్నాయా, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా అన్నవీ రాయండి. వాడే మందులన్నీ పట్టుకెళ్లండి, గర్భనిరోధక మాత్రలతో సహా. గురక సంగతి మీకు తెలియదు. గురక ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటున్నారేమో ఇంట్లోవాళ్లను ఫోన్‌లో రికార్డు చేయమనండి.

బీపీ చూసేటప్పుడు పట్టీ మీద కన్నేయండి. మామూలు పట్టీ దాదాపు 32 సెంటీమీటర్ల జబ్బ వరకే సరిపోతుంది. అంటుకోని పట్టీని చేత్తో అదిమిపట్టి గాలి కొడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ అడగండి, మొహమాటం వద్దు. ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టేముందు గోళ్ల రంగు తీసేయండి, చేతులు చల్లగా ఉంటే రుద్దుకోండి. కూర్చున్నప్పుడే కాదు, కాసేపు నడిచాక కూడా చూడమనండి.

మొదట అడగాల్సినవి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ. గుండె మీద అనుమానముంటే ఎకో, అంటే గుండె స్కానింగ్. గుండె బలహీనపడిందేమో చూసే బీఎన్‌పీ అనే రక్తపరీక్ష లావుగా ఉన్నవాళ్లలో తక్కువ చూపిస్తుంది, అది బాగుందని గుండె బాగున్నట్టు కాదు. ఆస్తమా తేల్చేది స్పైరోమెట్రీ. గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా ఊది, గాలి అయిపోయేదాకా కనీసం ఆరు సెకన్లు ఆపకుండా ఊదాలి. మధ్యలో ఆపేస్తే ఫలితం తప్పుతుంది. ఇన్‌హేలర్ ఇచ్చి 10–15 నిమిషాలకు మళ్లీ ఊదిస్తారు. ఆ రెండోది చేయకపోతే ఆస్తమా దొరక్కపోవచ్చు. ఇప్పటికే ఇన్‌హేలర్ వాడుతుంటే ఎన్ని గంటల ముందు ఆపాలో ల్యాబ్‌లో కనుక్కోండి.

బీఎమ్‌ఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 30 దాటి, గురకతో పాటు పగలు కునుకుపాట్లు, పొద్దున్నే తలనొప్పి ఉంటే రక్తంలో బైకార్బొనేట్ చూడమనండి. అది 27 దాటితే ఒంట్లో కార్బన్‌డయాక్సైడ్ పేరుకుంటోందని అనుమానించాలి. అప్పుడు ధమని రక్తపరీక్ష, నిద్ర పరీక్ష కావాలి. ఇలాంటివాళ్లకు నిద్రమాత్రలు ప్రమాదం. ఆక్సిజన్ కూడా కొలత లేకుండా పెడితే కార్బన్‌డయాక్సైడ్ ఇంకా పెరగొచ్చు. ఈ సంగతి అత్యవసరంలో సిబ్బందికి చెప్పాలని ఇంట్లోవాళ్లకు తెలిసుండాలి.

ఇంత చెప్పినా ‘బరువే’ అని చీటీ రాసిచ్చేస్తుంటే ఒక్కటి అడగండి: ‘ఇదే ఆయాసంతో సన్నటి మనిషి వస్తే ఏ పరీక్షలు రాస్తారండీ? నాకూ అవే రాయండి.’